ఉద్యోగం ఉన్నవాళ్ళే కావాలి

“టీవీల యాడ్లు అమ్ముకునేటోనికి అగ్గితోని ఏం పనే?” హైదరాబాద్ తార్నాక చౌరస్తాలో చాయ్ తాగుతూ ఈ మాటంటే కాదనేవాళ్ళు దొరకరు. మంటలార్పడం ఫైర్ స్టేషన్ వాళ్ళ ఉద్యోగం, సర్కారు వాళ్ళకు జీతమిస్తోంది, 101కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. సేల్స్‌లో ఉన్నవాడి నెత్తిన నెల టార్గెట్ ఉంటుంది. వలంటీరునంటూ సివిల్ డిఫెన్స్ జాకెట్ తొడుక్కుని తిరిగితే అదీ చెడుతుంది, ఇదీ చెడుతుంది. ఇంట్లో తల్లిదండ్రులు ఇదే అంటారు, ఆఫీసులో సేల్స్ హెడ్ ఇదే అంటాడు. పుస్తకాలు చదివిన మిత్రులు వేరే దారిన వచ్చి ఇదే గుమ్మం దగ్గర తేలతారు: ప్రభుత్వం జీతమిచ్చి చేయించాల్సిన పని మీరు ఊరికే చేసిపెడితే దాని బాధ్యత మాఫీ అయిపోదా అని.

ఇన్ని నోళ్ళలో నానుతున్నా ఈ మాట తప్పు. దీన్ని కాస్త సవరించి ఒప్పుకుందామన్నా వీలుకానంత తప్పు. వీధిలో పుట్టిన మంటను మొదటి ఐదు నిమిషాలు పట్టి ఉంచాలన్నా, అసలు పుట్టకుండా చూడాలన్నా వేరే ఉద్యోగం చేసుకుని బతికేవాడే కావాలి. అందులోనూ యాడ్ సేల్స్ మనిషి మరీ బాగా పనికొస్తాడు.

ముందు టైము సంగతి. టీవీ యాడ్ సేల్స్ అనగానే ఊపిరి సలపని ఉద్యోగమని ఒక బొమ్మ గీసేస్తారు. ఒత్తిడి ఉన్నమాట నిజమే. పది సెకన్లకు ఇంత అని రేటు కట్టి అమ్మాలి. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదన్న రూలులో ఇమడాలి. గురువారం రేటింగ్స్ వస్తే అవి పట్టుకుని ఏజెన్సీల చుట్టూ తిరగాలి. రిలీజ్ ఆర్డర్ రాబట్టడం ఒక ఎత్తు, స్పాట్లు పడ్డాక బిల్లు డబ్బు వసూలు చేయడం ఇంకో ఎత్తు. అయితే ఈ ఉద్యోగంలో పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కుర్చీకి అతుక్కుని కూర్చునేవాడు ఎవడు? రోజులో సగం రోడ్డు మీదే గడుస్తుంది. పైగా ఈ పని ఏడాదంతా ఒకే ఉడుకులో ఉండదు. ఉగాది, అక్షయ తృతీయ, ఆషాఢం డిస్కౌంట్లు, దసరా దీపావళి, మార్చి క్లోజింగ్ అని కొన్ని వారాలు నిద్ర ఉండదు. మిగతా వారాల్లో వారానికి ఒక సాయంత్రం తీయలేనంత కరువు లేదు.

ఇంకో మాట. కార్తీకం వస్తే ఇదే సేల్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది అయ్యప్ప మాల వేసుకోవడం లేదు? నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, రెండు పూటలా పూజ, చెప్పుల్లేని కాళ్ళు, నల్లబట్టలు. అదే వేషంలో క్లయింట్ ముందుకు వెళ్తారు, క్లయింట్ లేచి నిలబడి “స్వామీ” అని పలకరిస్తాడు. సేల్స్ హెడ్ మీటింగ్ టైము మారుస్తాడు. టార్గెట్లు ఎక్కడా కూలిపోలేదు. గణేశ్ మండపం కమిటీల్లో పదకొండు రాత్రులు కాపలా కాసేవాళ్ళు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. దీక్షకు దొరికే తీరిక శిక్షణకు దొరకదంటే నేను నమ్మను. విపత్తుల్లో సాయపడే వలంటీర్ల కోసం కేంద్రం నడిపే ఆపద మిత్ర పథకంలో శిక్షణ పన్నెండు రోజులు. మాల రోజుల్లో మూడోవంతు కూడా కాదు. ఉద్యోగం వదలకుండా ఏడాదికి కొన్ని వారాలు సైనికుడిగా ఉండే ఏర్పాటు, టెరిటోరియల్ ఆర్మీ, ఈ దేశంలో 1949 నుంచి ఉంది. తుపాకీ పట్టడానికి అడ్డురాని ఉద్యోగం గొట్టం పట్టడానికి అడ్డొస్తుందట!

అసలు మన దగ్గర మంటలు ఎక్కడ, ఎలా లేస్తున్నాయో చూసి మాట్లాడాలి. 2022 మార్చి 23న బోయిగూడలో తుక్కు గోదాం కాలి, పైన నిద్రపోతున్న పదకొండు మంది బిహార్ కూలీలు చనిపోయారు. ఆ ఏడాది సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ రూబీ లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట లేచింది. పొగ మెట్లదారి పట్టుకుని పైకెక్కి ఎనిమిది మందిని చంపింది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళు, పొట్టకూటి కోసం పల్లెల నుంచి వచ్చి ఆ భవనంలో మార్కెటింగ్ పని చేస్తున్నవాళ్ళు. వాళ్ళను చంపింది మంట కాదు, పొగ. ఏడాది తిరక్కుండా ఈ మూడు చోట్లే పాతిక మంది. మూడూ తార్నాక నుంచి బండి మీద వెళ్ళొచ్చేంత దూరం.

ఇక 2025 మే 18. చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఆదివారం పొద్దున్నే ఒక ఇల్లు అంటుకుని పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. 6:16కి ఫోన్ వచ్చింది, మొఘల్‌పురా నుంచి బండి 6:20కి చేరింది అని అధికారులు చెప్పారు. నాలుగు నిమిషాలు! హైదరాబాద్ ట్రాఫిక్ తెలిసిన ఎవరైనా ఇంతకంటే వేగం అడగలేరు. సర్కారు చేయగలిగింది చేసింది, అయినా పదిహేడు శవాలు. సొరంగంలాంటి ఇరుకు దారి, పైకి ఒకే మెట్లదారి, లోపల నిండిన పొగ. “101 ఉందిగా” అనే వాదన ఈ ఒక్క పొద్దుటితోనే కూలిపోవాలి. బండి టైముకు రావడం, జనం బతకడం రెండూ ఒకటే అనుకుంటున్నాం. ఆ ఇంటి మెట్లు, వైర్లు, ఏసీల తీరు మంట రాకముందే చూసి ఆ కుటుంబానికి చెప్పగలిగిన పొరుగువాడు ఒకడుండాలి. ఆ పొద్దున ఫైరింజన్ రాకముందే పైకి పరిగెత్తింది చుట్టుపక్కల గాజుల దుకాణాల కుర్రాళ్ళే. ధైర్యం ఉంది, చేతిలో ఏమీ లేదు.

మరి రూల్స్ చూసుకునే శాఖ ఉంది కదా అంటారు. శాఖ చూపు ఎక్కడి దాకా పోతుందో గమనించండి. మన దగ్గర వ్యాపార భవనం పదిహేను మీటర్లు దాటితే, నివాస భవనం పద్దెనిమిది మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, బడులకు వేరే కొలతలున్నాయి. ఇప్పుడు తార్నాక గల్లీల్లోకి రండి. హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ ఎనిమిది దాకా, ఇటు లాలాపేట మీదుగా మల్కాజ్‌గిరి, ఆనంద్‌బాగ్, మీర్జాలగూడ దాకా నడవండి. కింద బట్టల షాపు, మీద కోచింగ్ సెంటర్, ఆపైన హాస్టల్, పైకప్పు మీద రేకుల కింద వంట. ఎత్తు ఆ పదిహేను మీటర్లకు ఒక అడుగు ఇటే ఆగిపోతుంది. ఉస్మానియా యూనివర్సిటీలో సీటొచ్చి క్యాంపస్ హాస్టల్ దొరకని పిల్లలు, గ్రూప్స్‌కు చదువుకునేవాళ్ళు వందల్లో ఉండేది ఇలాంటి ఇళ్ళల్లోనే. రాత్రయితే కింది షట్టర్ దించి తాళం వేస్తారు, ఆ తాళం చెవి వార్డెన్ దగ్గరుంటుంది, వార్డెన్ ఎక్కడుంటాడో పిల్లలకు తెలియదు. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ సెంటర్ కాలి ఇరవై రెండు మంది విద్యార్థులు చనిపోయిన భవనం కూడా ఇలాంటిదే. మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో 2024లో ఓటర్లే ముప్పై ఏడు లక్షలకు పైన ఉన్నారు. దేశంలో అదే అన్నిటికంటే పెద్దది. పట్టాల కింది ఇరుకు దారులు, సాయంత్రమైతే కదలని రోడ్లు. ఇంతమందికి ప్రతి మెట్లదారీ చూసేంత సిబ్బందిని ఏ ప్రభుత్వమూ నియమించదు, నియమించలేదు.

ఆ మెట్లదారులు ఇప్పటికే రోజూ ఎక్కుతున్నది ఎవరు? యాడ్ సేల్స్ వాళ్ళు. బట్టల షాపు సేటును కలవాలంటే గోడౌన్ దాటి క్యాబిన్‌కు పోవాలి. కార్పొరేట్ కాలేజీ డీన్‌ను కలవాలంటే మూడంతస్తులు ఎక్కాలి. నగల దుకాణం, కార్పొరేట్ ఆస్పత్రి, రియల్ ఎస్టేట్ ఆఫీసు, కోచింగ్ సెంటర్: లోకల్ మార్కెట్‌లో స్పాట్లు కొనేది వీళ్ళే, జనం పోగయ్యేదీ వీళ్ళ దగ్గరే. వెనక తలుపుకు అడ్డంగా పేర్చిన చీరల మూటలు, మీటర్ బోర్డు పక్కన జనరేటర్ డీజిల్ డబ్బా, గడువు తీరి గోడకు వేలాడుతున్న ఎర్ర సిలిండరు, ఇవన్నీ అతని కళ్ళ ముందే ఉన్నాయి. చూడటం నేర్పలేదు కాబట్టి కనపడటం లేదు, అంతే. శిక్షణ ఇచ్చే మొదటి లాభం అదే. పైగా పది సెకన్లకు విలువ కట్టడం తెలిసిన వృత్తి ఇది. ఆరు కేజీల పౌడర్ సిలిండర్ పిన్ను లాగి నొక్కితే ఇరవై సెకన్ల లోపే ఖాళీ అవుతుందని, గురి మంట నాలుకల మీద కాక మొదలు మీద పెట్టాలని అతనికి ఒక్కసారి చెబితే చాలు.

ఇంతకీ టైము చాలదనేవాళ్ళు అసలు చిక్కును చూడనే లేదు. ఈ రెండు పనులకూ నిజంగా గొడవ వచ్చేది గడియారం దగ్గర కాదు, క్లయింట్ దగ్గర. ఆషాఢం సేల్‌కు లక్షల్లో ప్యాకేజీ ఇవ్వబోతున్న షాపు వాడి మెట్ల మీద మూటలున్నాయి. చెబితే సేటు మొహం మాడుతుంది, ఆర్డర్ పక్క చానెల్‌కు పోతుంది. చెప్పకపోతే రేపు ఏదైనా జరిగిన రోజున తన చానెలే ఆ మంటను లైవ్‌లో చూపిస్తుంది, మధ్యలో బ్రేక్ వేసి ఇంకో షాపు యాడ్ నడిపిస్తుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. మా వృత్తికి ఈ సామెత ఇంతగా అతకడం నాకేమీ గర్వంగా లేదు.

దీన్ని చూపించి “చూశావా, అందుకే వద్దన్నాం” అంటారు. నాకు దీని వల్లే కావాలనిపిస్తుంది. ఆ సేటు ఫైర్ ఇన్‌స్పెక్టర్ నోటీసుకు లాయర్‌ను పెడతాడు, లేదా ఇంకేదో పెడతాడు. కానీ ఆరేళ్ళుగా పండక్కి స్వీట్ డబ్బా పంపుతున్న కుర్రాడు “సేట్, పబ్లిక్ వచ్చే సీజన్, ఆ మూటలు కిందికి మార్పించండి, మీ పిల్లలు కూడా గల్లా మీద కూర్చుంటారు కదా” అంటే వింటాడు. ఒప్పించడమే ఇతని విద్య. ఏ అవసరమూ లేని వస్తువుకు బడ్జెట్ రాబట్టగలవాడు రెండు మూటలు జరిపించలేడా? ఒక ప్రమాదం మాత్రం ఉంది, దాచను. లోకల్ మీడియాలో భయపెట్టి యాడ్ లాగే అలవాటు కొత్తది కాదు. ఫైర్ లోపం చూపించి ప్యాకేజీ పెంచుకునేవాడు కూడా పుడతాడు. దానికి మందు తేలికే: సివిల్ డిఫెన్స్ తరఫున చేసే తనిఖీకి ఏ వలంటీరూ తన క్లయింట్ భవనానికి వెళ్ళకూడదు, పక్క పేటవాణ్ణి పంపాలి. తను క్లయింట్‌కు చెప్పేది స్నేహితుడిగా చెప్పే మాటే కావాలి. ఇదొక్క నియమం రాసి పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

ఇప్పుడు పుస్తకాలు చదివిన మిత్రుల వాదన. ఇది గట్టిది, నవ్వి వదిలేయలేం. హోంగార్డుల చరిత్రే వాళ్ళ చేతిలో ఆయుధం. 1946లో బొంబాయిలో మొదలైనప్పుడు హోంగార్డులంటే తీరిక వేళల్లో సేవ చేసే వలంటీర్లు. ఈ రోజు తెలంగాణలో వాళ్ళు పోలీసులతో పాటు పూర్తికాలం డ్యూటీ చేస్తూ రోజుకింత అన్న లెక్కన బతుకుతున్నారు. పర్మినెంట్ చేయమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. సేవ పేరుతో చవక కూలీని తయారుచేసిన మాట నిజం. కానీ అలా ఎందుకు జరిగింది? వేరే సంపాదన లేనివాళ్ళను ఆ పనిలోకి తీసుకున్నారు కాబట్టి. ఆకలి ఉన్నవాడి సేవను సర్కారు ఉద్యోగంగా వాడుకుంటుంది, జీతం మాత్రం ఇవ్వదు. నెలనెలా చానెల్ నుంచి జీతం, ఇన్సెంటివ్ తీసుకునేవాణ్ణి అలా వాడుకోలేరు. పన్నెండు గంటల డ్యూటీ వేస్తే జాకెట్ విప్పి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోతాడు. కాబట్టి వలంటీరు దోపిడీ కాకూడదంటే అతనికి ఉద్యోగం ఉండాలి. మిత్రుల వాదన నిలబడేదే, కానీ అది నిలబడింది నా వైపు.

ప్రభుత్వం బాధ్యత మాఫీ అవుతుందన్న భయం కూడా వట్టిది. మంట గురించి తెలిసిన పౌరుడు ఎక్కువ అడుగుతాడు, తక్కువ కాదు. మా పేటకు ఇరుకు గల్లీలో దూరే చిన్న బండి ఎందుకు లేదు, హైడ్రెంట్లు ఎక్కడ అని అడగాలంటే అవేమిటో ముందు తెలియాలి కదా.

జర్మనీలో పది లక్షల మందికి దగ్గరగా వలంటీర్ ఫైర్‌మెన్ ఉన్నారు. వాళ్ళతో పోలిస్తే జీతగాళ్ళు చాలా తక్కువ. పిలుపొస్తే యజమాని వదలాలి, జీతం కోయకూడదు, ఆ నష్టం స్థానిక సంస్థ పూడుస్తుంది. అక్కడ ప్రభుత్వం బాధ్యత నుంచి పారిపోయిందని ఎవరూ అనరు. చిలీ ఇంకా విచిత్రం: రాజధాని సాంటియాగోతో సహా దేశమంతా మంటలార్పేది వలంటీర్లే. ఆ సాంటియాగో దళం పుట్టుక మా సేల్స్ వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. 1863 డిసెంబర్ 8న అక్కడ ఒక చర్చి కాలి సుమారు రెండు వేల మంది చనిపోయారు. కొద్ది రోజులకే హోసె లూయిస్ క్లారో అనే యువకుడు ఎల్ ఫెర్రోకారిల్ పత్రికలో ఒక ప్రకటన వేయించాడు, దళంలో చేరే యువకులు రావాలని. ఆ నెల తిరక్కముందే దళం ఏర్పడింది. ఇంకా వెనక్కి పోతే, 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వృత్తి ఏమిటి? పత్రిక అచ్చువేయడం, అందులో ప్రకటనలు అమ్మడం. యాడ్లు అమ్మేవాడికి అగ్గితో పనేంటని ఆయన్ని ఎవరైనా అడిగి ఉంటారా?

వచ్చీరాని శిక్షణతో అడ్డం పడతారన్న మాట ఒకటి మిగిలింది. దీని మీద ఎక్కువ చెప్పను. వలంటీరు ఊపిరి పరికరం లేకుండా పొగలోకి దూరకూడదు, దూరనివ్వకూడదు. శిక్షణలో మొదట నేర్పేది ఎక్కడ ఆగాలన్నదే. మెయిన్ ఆఫ్ చేయడం, గ్యాస్ కట్టేయడం, జనాన్ని కిందికి దింపడం, బండికి దారి చేయడం, లోపల ఎవరున్నారో, మెట్లు ఎటున్నాయో వచ్చిన అధికారికి నాలుగు ముక్కల్లో చెప్పడం. వీళ్ళు లేకపోతే అక్కడ ఎవరూ ఉండరనుకోకండి. ఫోన్లు ఎత్తి వీడియో తీసే గుంపు ఎలాగూ ఉంటుంది, ఏమీ తెలియక లోపలికి పరిగెత్తే మంచివాడూ ఉంటాడు. ఏమీ తెలియని పొరుగువాడు కావాలా, తెలిసిన పొరుగువాడు కావాలా అన్నదే ప్రశ్న.

చట్టం కొత్తగా రావాల్సిన పనిలేదు. సివిల్ డిఫెన్స్ చట్టం 1968 నుంచి ఉంది; సివిల్ డిఫెన్స్ పన్నెండు సేవల్లో అగ్నిమాపకం ఒకటి. 2025 మే 7న దేశమంతా జరిగిన సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్‌లో మౌలాలి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్ఎఫ్‌సీ) దగ్గర కూడా సైరన్ మోగింది. కొన్నాళ్ళు అందరం సివిల్ డిఫెన్స్ అనే మాట పలికాం, తర్వాత మరిచాం. మరిచిపోకుండా ఉండగలిగేది యూనివర్సిటీ ఒక్కటే, అనుకుంటే. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, ఎంబీఏ విభాగం ఉంది. టీవీల సేల్స్‌కు, మార్కెటింగ్‌కు వెళ్ళే పిల్లలు ఈ గేట్లోంచే పోతారు. ఎన్ఎస్ఎస్‌లో చేరినవాడు రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి. ఆ గంటల్లో చెట్లు నాటడం, ర్యాలీలో ప్లకార్డు పట్టుకోవడం చాలానే అయింది. అందులోంచి పన్నెండు రోజులు మంటకు కేటాయిస్తే, ఎండాకాలం క్యాంపస్‌లో ఎండుగడ్డి అంటుకున్నప్పుడు ముందు పనికొచ్చేది ఆ పిల్లలే. ఉద్యోగంలో చేరే నాటికి శిక్షణ అయిపోయి ఉంటుంది. తర్వాత సెలవు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

చానెళ్ళ సేల్స్ హెడ్‌లకు నేను అడిగేది చిన్నదే. బొంబాయి డాక్స్‌లో 1944లో చనిపోయిన ఫైర్‌మెన్ పేరిట ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మార్చి క్లోజింగ్ అయిపోయి మీ వాళ్ళు ఊపిరి పీల్చుకునే వారం అది. మీ టీమ్‌లో చేరతానన్నవాళ్ళను ఆ వారంతో మొదలుపెట్టి పన్నెండు రోజులు శిక్షణకు పంపండి, జీతం కోయకండి. పేటలో మంట లేచి వాడు మీటింగ్‌కు ఆలస్యమైతే, మాల వేసుకున్న స్వామిని ఏమీ అననట్టే వాణ్ణీ ఏమీ అనకండి.